చివరి నిమిషంలో నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గించాలా?

విచారణ మొదలయ్యే రోజు. సాక్షులు కోర్టు వరండాలో కూర్చుని ఉంటారు. నెలల తరబడి ‘నేను చేయలేదు’ అంటూ వచ్చిన ముద్దాయి ఆ ఉదయం ‘చేశాను’ అంటాడు. అతని శిక్షలో కొంత తగ్గించాలా, ఒక్క రోజు కూడా తగ్గించకూడదా?

తగ్గించకూడదనే వారి వాదనను తేలిగ్గా తీసేయలేం. ఆ నెలలన్నీ బాధితురాలు వాయిదా తేదీలు లెక్కపెట్టుకుంటూ కంటినిండా నిద్ర లేకుండా గడిపింది. పోలీసులూ ప్రాసిక్యూటరూ పూర్తి విచారణకు సిద్ధమయ్యారు. సాక్షులు వచ్చారని కళ్లారా చూశాక ఒప్పుకునేవాడిలో పశ్చాత్తాపం కంటే లెక్కే ఎక్కువ. పైగా ఆఖర్లోనూ తగ్గింపు దొరుకుతుందంటే, సాక్షి రాకుండా పోతాడేమో చూద్దామని ఆగేవారు పెరుగుతారు. భారతదేశంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన నేర విచారణ చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడా, ప్లీ బార్గెయినింగ్ (నేరం ఒప్పుకుని తక్కువ శిక్షకు కుదుర్చుకునే ఒప్పందం) దరఖాస్తుకు అభియోగాల నమోదు నుంచి 30 రోజుల గడువు పెట్టింది.

రెండో పద్ధతి మెట్లది. ఇంగ్లండ్, వేల్స్‌లో 2017 నుంచి అమల్లో ఉన్న మార్గదర్శకాల ప్రకారం, మొదటి దశలోనే ఒప్పుకుంటే శిక్షలో మూడోవంతు తగ్గుతుంది. ఆ తర్వాతయితే గరిష్ఠంగా నాలుగోవంతు, అది కూడా క్రమంగా కరిగి విచారణ మొదటి రోజుకు పదోవంతు అవుతుంది. విచారణ నడుస్తుండగా ఒప్పుకుంటే అదీ పోవచ్చు. ఆరేళ్లు పడాల్సిన కేసులో మొదటే ఒప్పుకున్నవాడికి రెండేళ్లు తగ్గితే, విచారణ మొదటి రోజు ఒప్పుకున్నవాడికి తగ్గేది సుమారు ఏడు నెలలు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో మెట్లు 25, 10, 5 శాతం.

మూడోది, అన్నీ చూసి జడ్జి నిర్ణయించడం. న్యూజిలాండ్ సుప్రీంకోర్టు 2010లో 25 శాతం పరిమితి పెట్టి, ప్రాసిక్యూషన్ సాక్ష్యం ఎంత బలంగా ఉందో కూడా చూడవచ్చంది. ఇది నాకు నచ్చదు. బాధితురాలికి దక్కే ఊరట సాక్ష్యం బలాన్ని బట్టి మారదు.

నా మొగ్గు మెట్ల పద్ధతికే, కారణం సాక్షి బోను. తనపై జరిగిన దాడిని కొత్తవారి ముందు గంటలకొద్దీ చెప్పి, ‘నువ్వు అబద్ధం చెబుతున్నావు’ అనే ప్రశ్నలకు జవాబివ్వడం మరో గాయం. చివరి ఉదయం వచ్చిన ఒప్పుకోలయినా దాన్ని తప్పిస్తుంది. తగ్గింపేమీ లేకపోతే ముద్దాయికి ఆమెను బోనెక్కించకుండా ఉండటానికి కారణమే ఉండదు. అందుకే నా గీత అక్కడే: ఆమె బోనెక్కకముందు పదోవంతు, ఎక్కి చెప్పాక సున్నా. అతని మనసు మారిందా లేదా అన్నది నేను కొలవను. ఆమెకు ఎంత బాధ తప్పిందన్నదే కొలమానం.

ఆలస్యం అతని తప్పు కాని సందర్భాలూ ఉంటాయి. సాక్ష్యాధారాల పత్రాలు ఆలస్యంగా చేతికి వచ్చినా, న్యాయవాది సలహా అందకపోయినా దాన్ని ఆలస్యంగా లెక్కించకూడదు. మిగతా సందర్భాల్లో మాత్రం ఆ పదోవంతు ఇంకా పెరగకూడదు. కస్టడీలో విసిగిపోయిన నిర్దోషి పెద్ద తగ్గింపు చూసి చేయని నేరం ఒప్పుకునే ప్రమాదం నిజమైనది.

ఎన్ని నెలలు తగ్గించారో, ఎందుకు తగ్గించారో జడ్జి తీర్పు రోజునే బాధితురాలికి వినబడేలా చెప్పాలి. ఆమె దాన్ని తర్వాత ఇంకెవరి ద్వారానో తెలుసుకోకూడదు.