450 సైజు బెల్ట్ హెలికాప్టర్: ఏళ్లు వాడాక తోక గురించి నా మాట

450 సైజు ఆర్‌సీ (రేడియో కంట్రోల్) హెలికాప్టర్ కొనమంటారా అని అడిగేవాళ్లకు నా జవాబు ఇది: కొనండి, బెల్ట్ తోక (తోక రోటర్‌ను బెల్ట్ తిప్పే రకం) ఉన్నదే కొనండి, ఖరీదైన గైరో (బాడీ తిరుగుడును పసిగట్టి తోకను సరిదిద్దే పరికరం) కోసం మాత్రం తొందరపడకండి. హనుమకొండలో ఉంటూ ఏళ్లుగా ఎక్కువగా ఈ మెషీన్‌నే ఎగరేస్తున్నాను. తెలిసినవాళ్ల హెలికాప్టర్లకు ఏదైనా అయితే అవి కూడా నా టేబుల్ మీదికే వస్తాయి. వచ్చే కంప్లైంట్లలో ఎక్కువ తోకవే. ఊగుతోందనో, పక్కకు జారుతోందనో, పైకి లేపగానే గిర్రున తిరుగుతోందనో తెస్తారు. వాటిలో నిజంగా గైరో చెడిపోయినవి చాలా తక్కువ.

నాది అలైన్ కంపెనీ టీ-రెక్స్ 450 డిజైన్‌ను చూసి చేసిన క్లోన్ కిట్. 325 మి.మీ. మెయిన్ బ్లేడ్లు, 3ఎస్ 2200 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ, ఫ్లైబార్ (రోటర్‌ను నిలకడగా ఉంచే అడ్డ కడ్డీ) ఉన్న పాత రకం హెడ్, తోకకు విడిగా ఒక హెడింగ్ హోల్డ్ (ముక్కు ఉన్న దిశను పట్టి ఉంచే) గైరో. ఇప్పుడందరూ ఆ కడ్డీ లేని ఫ్లైబార్‌లెస్‌కు మారిపోయారు. మూడు దిక్కుల గైరోలూ ఒకే డబ్బాలో ఉంటాయి కాబట్టి అది సౌకర్యమే. అయినా తోక దగ్గర నేను చెప్పబోయేదంతా దానికీ వర్తిస్తుంది, ఎందుకంటే డబ్బా మారినా స్లైడర్ (టెయిల్ షాఫ్ట్ మీద జరుగుతూ తోక బ్లేడ్ల కోణం మార్చే ముక్క), లింకులు, దాన్ని కదిపే సర్వో మోటార్, బెల్ట్ అవే.

ఈ డిజైన్‌లో మెయిన్ రోటర్ ఒక్క చుట్టు తిరిగేసరికి టెయిల్ రోటర్ 4.24 చుట్లు తిరుగుతుంది. హెడ్ స్పీడ్ (మెయిన్ రోటర్ వేగం) 2,600 ఆర్‌పీఎం ఉంటే తోక 11,000 దాటుతుంది. పైనుంచి చూస్తే మెయిన్ రోటర్ సవ్యదిశలో తిరుగుతుంది కాబట్టి బాడీ అపసవ్యంగా తిరగాలని చూస్తుంది, అంటే ముక్కు ఎడమకు పోతుంది. దాన్ని ఆపడమే తోక పని. కాబట్టి థ్రాటిల్ పెంచినప్పుడు ముక్కు ఎడమకు కొట్టిందంటే తోకకు బలం చాలలేదన్నమాట. ఈ ఒక్క విషయం గుర్తుంటే సగం వెతుకులాట తప్పుతుంది.

కాజీపేట నుంచి ఒక కుర్రాడు తన హెలికాప్టర్ పట్టుకొచ్చి, "అన్నా, గైరో ఖరాబైనట్టుంది, కొత్తది తెప్పిద్దామా?" అన్నాడు. తోక నెమ్మదిగా అటూ ఇటూ ఊగుతోంది. గెయిన్ (గైరో ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే సెట్టింగ్) తగ్గించినా, పెంచినా ఆగడం లేదట. "కొత్తదెందుకు తమ్మీ, ముందు సర్వో నుంచి లింక్ ఊడదియ్యి" అన్నాను. లింక్ తీసి, బూమ్ (తోక గొట్టం) వెంట పోయే కడ్డీని రెండు వేళ్లతో మెల్లగా ముందుకు వెనక్కు కదిపాం. సగం దూరం మెత్తగా పోయింది, అక్కడ పట్టేసింది, కాస్త నొక్కితే టక్కున దూకింది. ఎప్పుడో గట్టిగా దిగినప్పుడు బూమ్ మీది గైడ్ రింగ్ ఒకటి పక్కకు తిరిగింది, కడ్డీ దానిలోంచి వంగి పోతోంది. సర్వో తోస్తే ముందు కడ్డీ వంగుతుంది, ఆ తర్వాతే స్లైడర్ కదులుతుంది, కదిలేటప్పుడు అవసరానికి మించి కదులుతుంది. గైరో మళ్లీ వెనక్కు లాగుతుంది. ఊగడం అంటే అదే. రింగ్ స్క్రూ వదులు చేసి, కడ్డీ తిన్నగా పోయేలా తిప్పి బిగించాం. ఆ కుర్రాడు అదే గైరోతో ఇప్పటికీ ఎగరేస్తున్నాడు.

కడ్డీ కదలిక సరిగ్గా ఉంటే తర్వాత స్లైడర్ చూడాలి. మా వైపు ఇదే పెద్ద తలనొప్పి. హసన్‌పర్తి దాటాక కరీంనగర్ రోడ్డు పక్కన చల్క నేలల్లో ఎగరేస్తాం. ఎర్రటి సన్నని దుమ్ము టెయిల్ షాఫ్ట్ మీదికి, స్లైడర్ లోపలికి పోతుంది. బిగుతుగా ఉందని అక్కడ నూనె చుక్క వేస్తే దుమ్ముతో కలిసి కొన్నాళ్లకే ఎర్రటి ముద్ద తయారవుతుంది. అందుకే నేను నూనె వేయను. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో షాఫ్ట్ తుడిచి, గ్రాఫైట్ పొడి కొద్దిగా రుద్దుతాను. దిగే చోట పాత ఫ్లెక్సీ పరిస్తే దుమ్ము సగానికి సగం తగ్గుతుంది. పత్తి తీసేసిన చేలల్లో ఫ్లెక్సీ తప్పనిసరి. మోడుగా మిగిలిన పత్తి కట్టె టెయిల్ బ్లేడ్‌కు తగిలితే బ్లేడ్‌తో పాటు సర్వో గేర్ కూడా పోతుంది.

సర్వో గేర్ పోయిన సంగతి కంటికి కనబడదు, వేలికి తెలుస్తుంది. బ్యాటరీ కలపనప్పుడు హార్న్‌ను (సర్వో మీది చిన్న చేతిని) నెమ్మదిగా ఒక చివర నుంచి మరో చివరకు తిప్పండి. ఒకచోట చిన్నగా క్లిక్ అని తగిలిందంటే అక్కడ పన్ను విరిగింది. సాధారణంగా అది మధ్యలోనే ఉంటుంది, హోవర్‌లో (గాల్లో ఒకేచోట నిలబడినప్పుడు) తోక ఎక్కువసేపు పనిచేసే చోటు అదే కదా. దెబ్బ తగిలిన సర్వో బెంచ్ మీద బాగానే తిరుగుతుంది, గాల్లో మాత్రం తోకను ఒక్కచోట నిలబెట్టలేదు.

నా కిట్‌తో వచ్చిన బాల్ లింకులు రెండు రకాలుగా విసిగించాయి. కొత్తలో మరీ బిగుతు, కొన్నాళ్లకు మరీ వదులు. బిగుతైన లింక్‌ను బాల్ మీద పెట్టి ప్లయర్‌తో మెల్లగా నొక్కి తిప్పితే సర్దుకుంటుంది. వదులైనదానికి మందు లేదు, మార్చడమే. తోక గ్రిప్‌ను (బ్లేడ్‌ను పట్టి ఉంచే భాగాన్ని) వేళ్లతో పట్టుకొని మెలిపెట్టి చూడండి. సర్వో కదలకుండా బ్లేడ్ పిచ్ (కోణం) కాస్త మారుతోందంటే ఆ ఆట అంతా గాల్లో ఊగడంగా కనబడుతుంది. గ్రిప్ బేరింగ్‌లు, బెల్‌క్రాంక్ (కడ్డీ కదలికను స్లైడర్‌కు మళ్లించే వంపు లీవర్) స్క్రూ, స్లైడర్ రింగ్, అన్నిట్లోనూ కొంచెం కొంచెం కలిసి ఎక్కువవుతుంది. నా మెషీన్‌లో టెయిల్ వైపు బేరింగ్‌లన్నీ మార్చేశాక వచ్చిన తేడా ఏ గైరోతోనూ రాలేదు.

ఇంతవరకూ గైరో సెట్టింగుల జోలికి పోలేదు. ఎందుకంటే హెడింగ్ హోల్డ్ మోడ్ మెకానికల్ లోపాలను దాచేస్తుంది. లింక్ పొడవు తప్పుగా ఉన్నా గైరో సర్దుకుపోతుంది, సర్దుకోలేనంత గాలి వచ్చిన రోజు చేతులెత్తేస్తుంది. అందుకే ముందు రేట్ మోడ్‌లో (తిరుగుడును అడ్డుకుంటుంది కానీ దిశను పట్టి ఉంచదు) పెట్టాలి. ట్రాన్స్‌మిటర్‌లో రడ్డర్ (తోక) ట్రిమ్, సబ్ ట్రిమ్ సున్నా, రివల్యూషన్ మిక్సింగ్ (థ్రాటిల్‌తో పాటు తోకను కదిపే సెట్టింగ్) ఆఫ్. సర్వో హార్న్ మధ్యలో ఉన్నప్పుడు కడ్డీకి 90 డిగ్రీల్లో ఉండాలి. అప్పుడు స్లైడర్ సరిగ్గా నట్టనడుమ ఉండకూడదు. రెండు టెయిల్ బ్లేడ్లను ఒక పక్కకు మడిచి చూస్తే మెయిన్ రోటర్ టార్క్‌ను ఆపే దిశలో కొన్ని డిగ్రీల పిచ్ కనబడాలి, నా దాంట్లో ఏడెనిమిది. గాలి లేని పొద్దున హోవర్ చేసి, ముక్కు ఎటు జారుతోందో చూసి, దించి, లింక్‌ను ఒకటి రెండు చుట్లు తిప్పి మళ్లీ లేపాలి. స్టిక్ ముట్టకుండా తోక దాదాపు నిలబడేవరకూ ఇదే పని. విసుగు పుడుతుంది, కానీ దీనికి దగ్గరదారి లేదు. ఆ తర్వాతే హెడింగ్ హోల్డ్.

కొత్తవాళ్లను బాగా కంగారు పెట్టేది ఇంకొకటుంది. హెడింగ్ హోల్డ్‌లో బెంచ్ మీద ఉన్నప్పుడు స్టిక్ కాస్త కదిపి వదిలితే స్లైడర్ మధ్యకు తిరిగి రాదు, మెల్లగా ఒక చివరకు కూడా పోవచ్చు. అది లోపం కాదు. బాడీ తిరగలేదు కాబట్టి గైరో ఇంకా తిప్పాలని చూస్తోంది, అంతే.

గైరో దిశ మాత్రం ప్రతి రిపేర్ తర్వాత చూడాలి, ఇందులో రాజీ లేదు. మోటార్ వైర్లు తీసేసి, కుడి రడ్డర్ ఇస్తే స్లైడర్ ఎటు పోతోందో గమనించండి. ఇప్పుడు స్టిక్ వదిలేసి, హెలికాప్టర్ ముక్కును చేత్తో చటుక్కున ఎడమకు తిప్పండి. స్లైడర్ అదే వైపు పోవాలి. వ్యతిరేకంగా పోతే గైరోలో రివర్స్ మార్చాలి. ఇది తప్పుగా ఉన్న మెషీన్ నేల వదిలిన క్షణమే బొంగరంలా తిరుగుతుంది, దగ్గర నిలబడ్డవాళ్లకు ప్రమాదం. బూమ్ విప్పి పెట్టినప్పుడు బెల్ట్ మెలికను తప్పు వైపు వేసినా టెయిల్ రోటర్ వెనక్కు తిరుగుతుంది కాబట్టి దాన్ని కూడా చేత్తో తిప్పి చూసుకోవాలి.

గెయిన్ విషయానికొస్తే, ఊగడంలో రెండు రకాలున్నాయి. తోక వణికినట్టు వేగంగా కొట్టుకుంటుంటే గెయిన్ ఎక్కువైంది, తగ్గించండి. నెమ్మదిగా, తూగినట్టు ఊగుతుంటే గెయిన్ తక్కువ కావచ్చు, లేదా పైన చెప్పిన పట్టేయడం, వదులు ఉండవచ్చు. హెడ్ స్పీడ్ పెరిగితే తోకకు బలం పెరుగుతుంది కాబట్టి ఐడిల్ అప్‌లో (రోటర్‌ను ఎప్పుడూ ఎక్కువ వేగంలో తిప్పే మోడ్‌లో) గెయిన్ కొంచెం తగ్గించి పెట్టుకోవాలి. గెయిన్ చాలా తక్కువకు దించితేగానీ ఊగడం ఆగకపోతే హార్న్ మీద బాల్ సెంటర్‌కు మరీ దూరంగా ఉందేమో చూడండి. ఒక రంధ్రం లోపలికి జరిపితే గెయిన్ పెంచుకునే వీలు దొరుకుతుంది, తోక పట్టు కూడా బాగుంటుంది.

సర్వో సెట్టింగ్ గురించి ఒక హెచ్చరిక. నడిమి స్థానానికి 1520 మైక్రోసెకన్ల సిగ్నల్ కావాల్సిన సర్వోకు గైరోలో 760 సెట్టింగ్ పెడితే అది ఒక చివరకు పోయి అక్కడే మూలుగుతుంది. అనలాగ్ సర్వోకు 333 హెర్ట్జ్ (సెకనుకు 333 సార్లు సిగ్నల్) పెడితే వేడెక్కి కాలిపోతుంది. కొత్త సర్వో పెట్టినప్పుడు దాని పేపర్ చదివాకే బ్యాటరీ కలపండి.

హోవర్‌లో బాగుండి, వేగంగా పైకి లేపినప్పుడు ముక్కు ఎడమకు తిరిగిపోతే బెల్ట్ చూడాలి. తోక డబ్బా దగ్గర సందులోంచి అలెన్ కీతో నొక్కితే బెల్ట్ కాస్త లొంగాలి, అవతలి వరసకు తగలకూడదు. వదులైతే లోడ్ పడినప్పుడు పళ్లు జారి కర్రుమంటుంది. మరీ బిగిస్తే బేరింగ్‌లు వేడెక్కుతాయి, మోటార్ మీద భారం పడుతుంది. బెల్ట్ బాగుంటే టెయిల్ హబ్ గ్రబ్ స్క్రూ చూడండి. దాని మొన షాఫ్ట్ మీది గుంటలో కూర్చోవాలి, నీలం థ్రెడ్‌లాకర్ (స్క్రూ ఊడకుండా పట్టే జిగురు) తప్పనిసరి. అవి రెండూ సరిగ్గా ఉంటే ఇక హెడ్ స్పీడే తక్కువ. బ్యాటరీ అయిపోవచ్చినప్పుడు మాత్రమే ఇలా అవుతుంటే అనుమానం అక్కర్లేదు, దించేయడమే.

జనవరి నుంచి మార్చి దాకా, గాలి పొడిగా ఉన్నప్పుడు, నా మెషీన్‌లో తోక ఉన్నట్టుండి ఒక్కసారి ఎగిరిపడేది, ఒక్కోసారి మిగతా సర్వోలూ ఉలిక్కిపడేవి. వానాకాలంలో ఆ ఊసే లేదు. కారణం బెల్ట్ రాపిడికి పుట్టే స్టాటిక్ కరెంట్. బూమ్ నుంచి మోటార్ మౌంట్‌కు సన్నని తీగ కలిపి, బెల్ట్‌కు గ్రాఫైట్ పొడి పట్టించాక పోయింది. బూమ్‌కు పైన పూత ఉంటుంది, తీగ తగిలే చోట గీకకపోతే ఫలితం ఉండదు.

ఎండాకాలం సమస్య వేరు. మేలో మా దగ్గర 44 డిగ్రీలు మామూలే. ఎండలో పెట్టిన కారు డిక్కీలోంచి తీసి వెంటనే ఆన్ చేస్తే గైరో వేడిలో మొదలై, బయట చల్లబడేకొద్దీ తోక ఒక పక్కకు జారుతుంది. చెట్టు నీడలో కాసేపు ఉంచి, కదిలించకుండా ఆన్ చేస్తే చాలు. గాలికి బాడీ ఊగుతుండగా ఆన్ చేసినా జారుడు వస్తుంది. గైరో కింది డబుల్ టేప్ కూడా వేడికి మెత్తబడి పక్కకు జరుగుతుంది, ఏటా వేసవి ముందు కొత్త టేప్ వేయడం అలవాటు చేసుకున్నాను. ఇవన్నీ చేసినా జారుతుంటే వైబ్రేషన్ కోసం వెతకాలి. వంగిన మెయిన్ షాఫ్ట్, బ్యాలెన్స్ లేని టెయిల్ బ్లేడ్లు, వదులైన బూమ్ సపోర్ట్ కడ్డీలు గైరోను తికమక పెడతాయి.

మామునూరు వైపు మాత్రం ఎగరేయను, అక్కడ ఎయిర్‌ఫీల్డ్ ఉంది. ఎక్కడికి వెళ్లినా డిజిటల్ స్కై మ్యాప్‌లో (ఎక్కడ ఎగరేయవచ్చో చూపే ప్రభుత్వ డ్రోన్ మ్యాప్‌లో) జోన్ చూసుకొని వెళ్లడం మంచిది.

ఇక వస్తువుల వారీగా నా మార్కులు. ఫ్రేమ్, బూమ్, బెల్ట్ బ్రహ్మాండం, బెల్ట్ ఇన్నేళ్లుగా నమ్మకంగా ఉంది. కిట్ బేరింగ్‌లు, లింకులు నాసిరకం, మొదటి రోజే మంచివి వేసుకోండి. డబ్బు పెట్టాల్సింది టెయిల్ సర్వో మీదే, వేగమైన డిజిటల్ సర్వో లేకపోతే ఎంత మంచి గైరో అయినా ఏం చేయలేదు. టెయిల్ బ్లేడ్లకు మామూలు ప్లాస్టిక్ చాలు, కార్బన్ అక్కర్లేదు. ఈఎస్‌సీలో (మోటార్ వేగాన్ని నడిపే పరికరంలో) ఉన్న బీఈసీ (సర్వోలకు తగ్గించిన ఓల్టేజ్ ఇచ్చే భాగం) మీద సర్వోలన్నీ నడపకుండా విడిగా స్విచింగ్ బీఈసీ పెట్టుకుంటే, టెయిల్ సర్వో గట్టిగా లాగినప్పుడు ఓల్టేజ్ పడిపోదు. టార్క్ ట్యూబ్ తోక (బెల్ట్ బదులు గేర్లతో తిరిగే షాఫ్ట్) ఉన్న మోడల్ కూడా కొన్నాళ్లు ఎగరేశాను. అది కచ్చితంగా ఉంటుంది, స్టాటిక్ గోల ఉండదు, కానీ తోక నేలకు తగిలిన ప్రతిసారీ గేర్ పళ్లు రాలిపోతాయి. విడిభాగాలు హైదరాబాద్ నుంచో ఇంకా దూరం నుంచో రావాలి, ఈలోపు చల్లటి పొద్దున్నలన్నీ పోతాయి. బెల్ట్ అయితే ఆ దెబ్బకు ఒకటి రెండు పళ్లు జారి ఊరుకుంటుంది, బ్లేడ్లు మార్చి, సర్వో గేర్ వేలితో చూసుకొని అదే రోజు మళ్లీ లేపవచ్చు.