పాత ఆర్‌వీ కొనేముందు టార్చిలైటు వేసి చూడండి

ఇంజన్ చూశాం. టైర్ల మీద తయారీ తేదీ చూశాం. నిచ్చెన వేసుకుని పైకెక్కి కప్పు ఎక్కడైనా కారిందేమో చూశాం. పురుగుల కోసం కూడా చూడాలని మాత్రం మాకెవరూ చెప్పలేదు. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు చాలామంది ఇప్పుడు పాత ఆర్‌వీల (వంటా పడకా లోపలే ఉండే ఇంటి బండ్ల) కోసం వెతుకుతున్నారని తెలిసి, కనీసం మీరైనా ఆగి చూస్తారని ఇది రాస్తున్నాను.

కిందటి ఫిబ్రవరిలో 24 అడుగుల క్లాస్ సి మోటార్‌హోమ్ ఒకటి, నేరుగా ఓనరు దగ్గరే, 31 వేల డాలర్లకు కొన్నాం. అత్తయ్యగారూ మామయ్యగారూ తెనాలి నుంచి ఆరు నెలలకని వచ్చారు. మామయ్యగారికి ఉబ్బసం, పైగా బయటి తిండి పడదు. వంటా పడకా అన్నీ వెంటే ఉంటే నాలుగు చోట్లు సుఖంగా చూపించొచ్చని మా ఆశ. బండి తలుపు తీయగానే గుప్పున లావెండర్ వాసన కొట్టింది. శుభ్రంగా ఉంచుకున్నాడని సంబరపడ్డాం. నాలుగు ప్లగ్గుల్లో నాలుగు తెల్లటి డబ్బాలున్నాయి. ఏమిటివని అడిగితే "అల్ట్రాసోనిక్ మెషిన్లు, మనకు వినబడని శబ్దం చేస్తాయి, వీటివల్ల లోపలికి ఒక్క చీమ కూడా రాదు" అన్నాడు. చలికాలం, బండికి కరెంటు పెట్టి లేదు, లోపల గడ్డకట్టే చలి. అంత చలిలో పురుగులు కదలవన్న సంగతి అప్పుడు మాకు తట్టలేదు.

మార్చిలో పిల్లల సెలవులకు అమరిల్లో దగ్గరున్న పాలో డ్యూరో కాన్యన్‌కి వెళ్ళాం. పగలు ఎండ బాగానే ఉంది, రాత్రయ్యేసరికి ఎముకలు కొరికే చలి. బండిని వెచ్చబరిచే గ్యాస్ ఫర్నేస్ ఆన్ చేస్తే ఫ్యాన్ తిరిగింది, టిక్ టిక్ మంది, మంట అందుకోలేదు. మూడుసార్లు ప్రయత్నించి ఆపేశాం. గ్యాస్ మీద నడవాల్సిన ఫ్రిజ్ కూడా దారిలో చల్లబడక, తోడేసి తెచ్చిన పెరుగంతా పులిసిపోయింది. క్యాంప్‌సైట్‌లో కరెంటు ఉంది కాబట్టి వెంట తెచ్చుకున్న చిన్న హీటరు పెట్టి పడుకున్నాం. ఆ వెచ్చదనానికి బండిలో ఉన్నవన్నీ లేచాయి.

రాత్రి రెండింటికి మామయ్యగారికి ఆయాసం మొదలైంది. వేడినీళ్ళు కాద్దామని అత్తయ్యగారు లైటు వేసి, పోపులడబ్బా పక్క సొరుగు లాగారు. స్పూన్ల మధ్యనుంచి బొద్దింకలు అటూ ఇటూ పరుగెత్తాయి. అరంగుళం కూడా లేవు, గోధుమరంగు, మెడ మీద రెండు నల్ల గీతలు. ఒకదాని వెనకాల బియ్యపుగింజంత గుడ్ల సంచి వేలాడుతోంది. అత్తయ్యగారు కేక వేయలేదు. సొరుగు మెల్లగా మూసి "అమ్మాయ్, పిల్లలూ పెద్దలూ అన్ని సైజులూ ఉన్నాయి. ఇవి బయటినుంచి వచ్చినవి కావు, ఇక్కడే సంసారం పెట్టాయి" అన్నారు. ఆ మాట అక్షరాలా నిజం. అవి జర్మన్ బొద్దింకలు. ఒక్కో సంచిలో 30, 40 గుడ్లుంటాయి, పొదిగే సమయం వచ్చేదాకా తల్లి వాటిని మోసుకునే తిరుగుతుంది. (పేరుకే జర్మన్. వీటి మూలం 2,100 ఏళ్ళ కిందట ఇండియా, మయన్మార్ వైపేనని 2024లో జన్యు పరిశోధన తేల్చింది.) బొద్దింకల రెట్ట, రాలిన పొట్టు ఉబ్బసాన్ని రెచ్చగొడతాయి. ఆ రాత్రి మామయ్యగారు ఇన్‌హేలర్ చేత్తో పట్టుకుని తెల్లారేదాకా కూర్చునే ఉన్నారు. నా కోపమంతా అక్కడుంది, డబ్బు దగ్గర కాదు.

మర్నాడు మొబైల్ మెకానిక్ వచ్చాడు. ఫర్నేస్ పొగ బయటికి పోయే గొట్టంలో స్క్రూడ్రైవర్ పెట్టి గీకితే ఎండిన మట్టి పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. ఒక పెళ్ళ నా అరచేతిలో పెట్టాడు. పక్కపక్కనే గదులు, ఒక గదిలో సాలీళ్ళు కుక్కి ఉన్నాయి, ఎండి ముడుచుకుపోయి. మనూళ్ళో కిటికీ మూలల్లో మట్టిగూడు కట్టే కుమ్మరి పురుగు తెలుసు కదా, దాని జాతిదే. తెచ్చిన పురుగును తనలా మార్చేస్తుందని మన పెద్దలు భ్రమరకీటక న్యాయం చెప్పేవారు. నిజానికి అది సాలీళ్ళను కుట్టి, కదలకుండా చేసి, పిల్లకు మేతగా గూట్లో దాస్తుంది. ఫ్రిజ్ వెనకాల గ్యాస్ బర్నర్ చుట్టూ సాలెగూళ్ళు.

మట్టిగూడే కదా అనుకోకండి. పొగ గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి మళ్ళే ప్రమాదం ఉంది. దానికి రంగూ వాసనా ఉండవు. 1996లో డొమినికన్ రిపబ్లిక్ తీరం దగ్గర సముద్రంలో బిర్గెన్ ఎయిర్ బోయింగ్ 757 విమానం కూలి 189 మంది పోయారు. వేగం కొలిచే చిన్న గొట్టంలో ఇలాంటి కందిరీగ గూడు కట్టి ఉంటుందన్నదే దర్యాప్తువాళ్ళ అనుమానం. మా బండిలో మంట అసలు అందుకోకపోవడమే మా అదృష్టమని ఆ మెకానిక్ అన్నాడు. కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ తీసి వెనక్కి తిప్పితే దాని గడువు ఎప్పుడో అయిపోయింది. కొనేముందు అది కూడా తిప్పి తేదీ చూడండి.

అమ్మినాయనకు ఫోన్ చేస్తే "అన్నీ చూసుకునే కదా కొన్నారు" అని పెట్టేశాడు. కాగితం మీద 'యాజ్ ఈజ్' (ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నాం) అని సంతకం చేసి ఉన్నాం, ఇక చేసేదేమీ లేకపోయింది.

ఇప్పుడు ఆ తెల్లడబ్బాల సంగతి. వాటిని నమ్మి మేం కూడా ఆన్‌లైన్‌లో ఇంకో రెండు కొన్నాం, అది మా తప్పు. అవి ప్లగ్గులో ఉండగానే వాటి పక్కనుంచే బొద్దింకలు వెళ్ళడం కళ్ళారా చూశాను. 2001లోనే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి మెషిన్లు తయారుచేసి అమ్మే 60కి పైగా కంపెనీలకు, మీ ప్రచారానికి శాస్త్రీయ ఆధారం ఉండాలని హెచ్చరిక లేఖలు పంపింది. ఇరవై ఏళ్ళు దాటినా అవే డబ్బాలు అవే మాటలతో అమ్ముడవుతున్నాయి. పాత ఆర్‌వీలో అవి కనబడితే అది రక్షణ అనుకోకండి. ఓనరుకు పురుగుల బాధ ఉండేదేమోనని అనుమానించండి. ఘాటైన సెంటు వాసన కూడా అంతే.

పురుగుమందును పొగలా చిమ్మే ఫాగర్ డబ్బా పేల్చి తలుపులు మూసేయమని ఒక స్నేహితుడు సలహా ఇచ్చాడు. దయచేసి ఆ పని చేయకండి. ఆ పొగమందు పగుళ్ళలోకి వెళ్ళదు, పురుగులు ఉండేదేమో అక్కడే. పైగా అది మండే గ్యాసుతో పనిచేస్తుంది. ఆర్‌వీలో ఫ్రిజ్‌కీ హీటర్‌కీ పొయ్యికీ గ్యాస్ మంటలుంటాయి, ఇంత ఇరుకు చోట చిన్న నిప్పురవ్వ చాలు. మాకు పనిచేసింది బొద్దింకలు తిని చచ్చే జెల్ మందు. బఠాణీ గింజలో సగమంత చుక్కలు తలుపుల కబ్జాల దగ్గర, ఫ్రిజ్ వెనకాల, సింకు కింద పెట్టాం. జిగురు ట్రాపులు పెట్టి ఎన్ని పడుతున్నాయో వారం వారం లెక్క రాశాను. జెల్ పెట్టినచోట స్ప్రే కొట్టకూడదు, కొడితే అవి మందు జోలికి రావు. పూర్తిగా పోవడానికి మూడు నెలలు పట్టింది. అప్పటికి అత్తయ్యగారూ వాళ్ళూ తిరిగి వెళ్ళే రోజులు దగ్గరపడ్డాయి.

బండి చూడ్డానికి వెళ్ళేముందు, ఒకరోజు ముందుగా కరెంటు పెట్టి లోపల వెచ్చగా ఉంచమని ఓనర్ని అడగండి. కుదరదంటే ఎందుకని అడగండి. వీలైతే చీకటి పడ్డాక వెళ్ళండి. సొరుగులు పైపైన తెరిచి చూస్తే చాలదు, పూర్తిగా బయటికి లాగి వెనక గోడ మీద టార్చి వేయండి. మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలుంటే బొద్దింకలే. ఫ్రిజ్ తలుపు రబ్బరు మడతలు వేలితో విప్పండి, మాకు గుడ్ల సంచులు దొరికింది అక్కడే. బయట ఫ్రిజ్ వెనకాల ఉండే కింది మూత తీయించండి, ఫర్నేస్, వాటర్ హీటర్ గొట్టాల్లోకి చూడండి, గ్యాస్ మీద రెండూ వెలిగించి చూపించమనండి. పరుపు అంచుల కుట్లలో నల్లమరకలుంటే నల్లులు, ఇంక ఆ బండి వదిలేయండి. గొట్టాలకు జాలీలు అమ్ముతారు, కానీ ఫర్నేస్‌కు పెట్టొద్దని మాన్యువల్‌లో రాసే కంపెనీలున్నాయి, చదివాకే బిగించండి. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా వైపు కొనేవాళ్ళు బండి కింద, నిచ్చెన మీద ఎండిన బురద మరకల్లాంటివి చూడండి. చెట్లనూ పంటలనూ పాడుచేసే స్పాటెడ్ లాంటర్న్‌ఫ్లై అనే పురుగు గుడ్లు సరిగ్గా అలాగే ఉంటాయి, వాటిని ఇంకో ఊరికి మోసుకెళ్ళడం నేరం కూడా కావచ్చు.

ఎన్‌ఆర్‌వీఐఏ (ఆర్‌వీ ఇన్‌స్పెక్టర్ల జాతీయ సంఘం) సర్టిఫికెట్ ఉన్న ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకుంటే మంచిదే, కాకపోతే పురుగుల కోసం కూడా చూడమని విడిగా చెప్పండి. యెల్లోస్టోన్‌కి అద్దె బండి తీసుకునేవాళ్ళు సామాను లోపల పెట్టకముందే ఇవన్నీ చూసి వీడియో తీసుకోండి.

ఆ మట్టిపెళ్ళ ఇప్పటికీ జిప్ కవర్లో నా దగ్గరే ఉంది. డాలస్ దగ్గర ఈ వారాంతం ఎవరైనా బండి చూడ్డానికి వెళ్తుంటే మెసేజ్ పెట్టండి. శనివారం ఖాళీనే, టార్చి పట్టుకుని నేనూ వస్తాను.