పాత రకం ఆపిల్‌కు ఏ వేరుమూలం: ఎం9 మేలా, ఎంఎం111 మేలా?

కాక్స్ ఆరెంజ్ పిప్పిన్ లాంటి పాత రకం గింజ నాటితే అదే రకం రాదు. అంటు మొక్కే కావాలి, అంటే వేరే ఆపిల్ మొక్క వేర్ల భాగంపై (వేరుమూలం) ఆ రకం కొమ్మను అతికించినది. ఎం9, ఎంఎం111 అలాంటి రెండు వేరుమూలాల పేర్లు. చోటు తక్కువుంటే ఎం9 మేలు. చెట్టు సుమారు 3 మీటర్ల దగ్గర ఆగుతుంది, 2–3 ఏళ్లకే కాస్తుంది. కానీ వేర్లు పెళుసు, పైపైనే పాకుతాయి. కాపు బరువుకో గాలికో ఒరిగిపోతుంది కాబట్టి చెట్టున్నంత కాలం గట్టి ఊతకర్ర ఉండాల్సిందే, వేసవిలో తడి ఆరనివ్వకూడదు.

ఎంఎం111 దాదాపు రెట్టింపు ఎత్తు పెరుగుతుంది, కాపు ఆలస్యం. అయితే బెట్టను, కొమ్మలకు దూదిలా పట్టే పేనుబంకను బాగా తట్టుకుంటుంది. ఇసుక నేలైతే నిస్సందేహంగా ఇదే.

ఏదైనా అంటు కట్టిన చోటు నేలకు 10 సెంటీమీటర్లు పైన ఉండాలి. మట్టిలో పూడితే పై భాగమే సొంతంగా వేళ్లూనుకుని, చెట్టు అదుపు తప్పి పెరుగుతుంది.