వెనక బ్రేక్ పిస్టన్ జామ్ అయిందంటే వెంటనే డబ్బులు తీయకండి

వెనక చక్రాలకు కూడా డిస్క్ బ్రేకులున్న పాత బండి వాడేవాళ్ళు, కొత్తగా సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ళు దయచేసి ఇది చదవండి. నాది 2010 స్కోడా లారా కారు. పోయిన నెల ఒంగోలులో ఒక షాపులో వెనక ప్యాడ్లు మార్పించడానికి ఇచ్చాను, గంట పని అన్నారు.

కొత్త ప్యాడ్లు పట్టాలంటే, వాటిని డిస్క్ మీదికి నొక్కే పిస్టన్ లోపలికి పోవాలి, కుడివైపుది పోలేదు. కుర్రాడు సీ క్లాంప్ బిగించాడు, పోలేదు, క్లాంప్ పిడికి పైపు తొడిగి ఇంకా బిగించాడు, చివరికి ప్లయర్‌తో పిస్టన్ అంచు పట్టుకుని గుంజాడు. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను, తప్పు జరుగుతోందని నాకు తెలియలేదు. ఓనర్ వచ్చి "ఏంది సార్, పాత బండి కదా, పిస్టన్ పట్టేసింది, కాలిపర్ మొత్తం మార్చాల్సిందే" అన్నాడు (కాలిపర్ అంటే పిస్టన్, ప్యాడ్లు ఉండే బ్రేకు భాగం). అరగంటలో కొత్తదని ఒకటి తెచ్చాడు, డబ్బా లేదు, నల్లగా మెరుస్తోంది. 7,500 ఇచ్చాను. బిల్లు రేపిస్తానన్నాడు. పాతది మాత్రం ఎందుకో అడిగి డిక్కీలో వేయించుకున్నాను, అదే మంచిదయింది.

రెండో రోజు ఇంట్లోవాళ్ళతో నెల్లూరు పెళ్ళికి బయలుదేరాం. టంగుటూరు టోల్ గేటు దాటగానే కాలిన వాసన. దిగి చూస్తే కుడి వెనక చక్రం దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి, మిగతా మూడూ మామూలుగానే ఉన్నాయి. పిల్లల్ని వేరే కారెక్కించి, బండిని టోయింగ్‌లో కావలిలో తెలిసిన మెకానిక్ దగ్గరికి పంపాను.

ఆయన చక్రం విప్పి ఆ "కొత్త" కాలిపర్‌ని గోటితో గీకితే నల్ల పెయింటు పొరలా ఊడొచ్చింది, కింద తుప్పు. పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు బూటు చిరిగి ఉంది, అందులోంచి నీళ్ళు దిగి పిస్టన్ పట్టేసింది. ఎక్కడో విప్పిన పాత సామానుకి రంగేసి నాకు అంటగట్టారు. తర్వాత డిక్కీలోని నా కాలిపర్ తీశాం. పిస్టన్‌కి తుప్పు చుక్క లేదు, అంచున ప్లయర్ పళ్ళ గాట్లు మాత్రం వరసగా ఉన్నాయి, లోపల హ్యాండ్ బ్రేక్ అడ్జస్టర్ మర అరిగి పనికి రాకుండా పోయింది. అంటే బాగున్న కాలిపర్‌ని నా కళ్ళ ముందే పాడు చేసి, దాని బదులు పాడైపోయినదాన్ని నాకే అమ్మారు! నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు, ఎందుకంటే ఆ బండిలో మా అమ్మ ఉంది, ఇద్దరు పిల్లలున్నారు.

అసలు విషయం ఏంటంటే, హ్యాండ్ బ్రేక్ కేబుల్ నేరుగా వెనక కాలిపర్‌కే వచ్చే బండ్లలో పిస్టన్ లోపల మర ఉంటుంది, ప్యాడ్ అరిగేకొద్దీ దానంతటదే ముందుకు వస్తుంది. దాన్ని ముందు కాలిపర్‌లా ఊరికే నొక్కితే పోదు, నొక్కుతూ తిప్పాలి. పిస్టన్ ముఖం మీద గాడులు కనబడితే అది తిప్పే రకమని గుర్తు. ఎక్కువ బండ్లలో గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి, కొన్నింటికి ఒకవైపు కాలిపర్ మర రివర్స్‌లో ఉంటుంది కాబట్టి గట్టిగా ఆగితే బలవంతం చేయకూడదు. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించి ఉండాలి. బ్రేక్ ఆయిల్ డబ్బా నిండుగా ఉంటే ముందే కొంచెం తీసేయాలి, పొంగి పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది. బటన్‌తో పనిచేసే ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేక్ అయితే ముందు స్కానర్‌తో సర్వీస్ మోడ్‌లో పెట్టాలి.

అందుకే పని మొదలుపెట్టకముందే "అన్నా, వెనక పిస్టన్ తిప్పే టూల్ ఉందా?" అని అడగండి. లేదంటే బండి తిప్పుకుని వచ్చేయండి. నిజంగానే తుప్పు పట్టి జామ్ అయిందంటే బూటు ఎత్తి చూపించమనండి. కొత్త కాలిపర్ డబ్బాతో, బిల్లుతో తీసుకోండి, పాతది వదిలి రాకండి. మన తీరం గాలికి తుప్పు తొందరగా పడుతుంది, ఆ మాట అడ్డం పెట్టుకుని వీళ్ళు ఏదైనా నమ్మించగలరు.

డబ్బు వెనక్కి అడిగితే "మా దగ్గర కొన్నట్టు రుజువేది" అంటున్నాడు. 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌కి చెప్దామన్నా నా చేతిలో బిల్లు లేదు. రెండు కాలిపర్లూ ఇంట్లోనే ఉంచాను, ఒంగోలులో ఎవరైనా ఇలాంటి పనికి వెళ్ళే ముందు చూడాలనుకుంటే మెసేజ్ పెట్టండి, చూపిస్తాను.