గజేంద్ర మోక్షం ప్రవచనం, ఏడు సాయంత్రాలు: నా అనుభవం

మెడికల్ షాపు నడిపేవాళ్లకు సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా అసలైన గిరాకీ. డాక్టర్లు క్లినిక్‌లలో కూర్చునేదీ, జనం చీటీలు పట్టుకుని వచ్చేదీ అప్పుడే. ఇరవై మూడేళ్లలో ఆ టైమ్‌లో నేను కౌంటర్ వదిలిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అలాంటిది పోయిన నెల వరసగా ఏడు సాయంత్రాలు వదిలేసి, హన్మకొండలో మా పేట గుడి కల్యాణమండపంలో గజేంద్ర మోక్షం ప్రవచనం విన్నాను. మళ్లీ పెడతారని అంటున్నారు. వెళ్లొచ్చా అని నన్ను చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందు మామూలు సంగతులు. టికెట్ ఏమీ లేదు. కరపత్రంలో ఆరున్నర అని వేశారు గానీ ఏ రోజూ ఏడు లోపు మొదలవలేదు. కింద జంపఖానాలు పరుస్తారు. వెనక రెండు వరసలు కుర్చీలు ఉన్నాయి కానీ మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకే అవి చాలలేదు. ఎడమ పక్క స్పీకర్ గరగరమంటుంది, కుడివైపు స్తంభం దగ్గర కూర్చుంటే మాట స్పష్టంగా వినిపిస్తుంది. పద్యాల పుస్తకం ముప్పై రూపాయలు. అక్షరాలు పెద్దవి, ప్రతిపదార్థం కూడా ఇచ్చారు, కానీ అచ్చుతప్పులు ఎక్కువ. పెన్ను తీసుకెళ్లండి, గురువుగారు చెబుతుంటే దిద్దుకోవచ్చు. బండి మాత్రం ఇంటి దగ్గరే వదిలి నడిచి వెళ్లడం మేలు.

చెప్పినాయన రిటైరైన తెలుగు లెక్చరర్. డెబ్బై దాటి ఉంటాయి. హార్మోనియం లేదు, మధ్యమధ్య జోకులు లేవు. పద్యాన్ని ఒక్కసారి రాగంతో చదివి, తర్వాత కళ్లజోడు సర్దుకుని మాట మాట విడదీసి చెబుతారు. పోతన గారి ఊరు బమ్మెర మాకు ఎంతో దూరం కాదు, పాలకుర్తి మండలంలోనే. చిన్నప్పుడు బడిలో ఆ పద్యాలు అందరం బట్టీ పట్టినవాళ్లమే. అర్థం తెలుసనే అనుకుంటూ ఇన్నేళ్లూ గడిపేశాం. నేనైతే అంతే.

మొదటి రోజే నన్ను పట్టుకున్న మాట ఒకటుంది. మొసలి నోట కాలు చిక్కాక ఏనుగు తన పాత వైభవం తలుచుకుంటుంది. పది లక్షల కోట్ల ఆడ ఏనుగులకు నాథుడిగా ఉన్నాను, చందనం తీగల నీడలో హాయిగా ఉండకుండా ‘ఈ నీరాశ నిటేల వచ్చితి’ అని ఏడుస్తుంది. నీరాశ అంటే నీటి మీద ఆశ. గురువుగారు ఆ ఒక్క మాట దగ్గర ఇరవై నిమిషాలు ఆగారు. ఏనుగు పాపం చేయడానికి మడుగులో దిగలేదు, దాహం వేసి దిగింది. దాహం తీరాక ఒడ్డుకు రాలేదు. నీళ్లు చల్లుకుంటూ, తామరలు పీకుతూ ఉండిపోయింది. మాయ మనల్ని పట్టుకునేది అవసరం తీరిన తర్వాతే అన్నారు ఆయన.

రెండో రోజు మొసలి గురించి. మొసలికి జీవనమే జీవనం అయింది అంటాడు పోతన. జీవనం అంటే నీరు, జీవనం అంటే బతుకు కూడా. నీళ్లలో ఉన్నకొద్దీ మొసలికి బలం పెరుగుతుంటే, ఏనుగు కృష్ణపక్షం చంద్రుడిలా తరిగిపోతూ ఉంటుంది. వెయ్యేళ్లు పోరాడినా గెలవలేకపోవడానికి కారణం ఏనుగు బలహీనత కాదు, ఆ పోరు జరిగే చోటు మొసలిది. మాయలో నిలబడి మాయతో కుస్తీ పడితే ఇలాగే ఉంటుందని చెప్పి, గీత ఏడో అధ్యాయం పద్నాలుగో శ్లోకం ఎత్తుకున్నారు. ఈ మాయ గుణాలతో అల్లినది, దాటడం కష్టం, నన్ను శరణు పొందినవాళ్లే దీన్ని దాటుతారు అని కృష్ణుడు చెప్పిన శ్లోకం. అందులో ‘మమ మాయా’ అని ఉంది, ‘నా మాయ’ అని. అది ఆయనదైతే దాన్ని తీయమని ఆయన్నే అడగాలి కదా అన్నారు. ఇంత సూటిగా ఇంతకుముందు నాకెవరూ చెప్పలేదు.

ఇక్కడ నా సొంత విషయం ఒకటి చెప్పాలి. మూడేళ్ల కింద మా అమ్మ ఐసీయూలో ఉన్నప్పుడు రాత్రంతా బయట బెంచీ మీద కూర్చుని ఫోన్లు చేస్తూనే ఉన్నాను. ఒక ఇంజెక్షన్ ఊళ్లో దొరకడం లేదు. నాకు తెలియని స్టాకిస్టు లేడు, నేనడిగితే కాదనేవాడు లేడు అన్న ధైర్యం నాది. తెల్లవారుజామున ఇంజెక్షన్ దొరికింది కూడా. ఐస్ పెట్టిన డబ్బా చేతిలో పట్టుకుని మెట్లెక్కేసరికి అమ్మ లేదు. ఆ రాత్రి ఒక్కసారి కూడా లోపలికి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకోలేదు. దేవుణ్ణి పిలవలేదు. పిలవాలని కూడా తోచలేదు, అన్నీ నా చేతిలోనే ఉన్నాయి కదా. పది లక్షల కోట్ల మంద గురించి ఆయన చెబుతుంటే నాకు నా ఫోన్‌లోని కాంటాక్టులు గుర్తొచ్చాయి. ‘లావొక్కింతయు లేదు’ పద్యం మా అమ్మకు నోటికి వచ్చు. రోజూ దీపం పెట్టి చదివేది. నేను షాపుకు వెళ్లే తొందరలో చెప్పులు వేసుకుంటూ వినేవాణ్ణి.

మూడో రోజూ నాలుగో రోజూ ఆ పద్యం మీదే నడిచాయి. ఈ ఏడు రోజుల్లో సారమంతా అక్కడే ఉంది. ఎవరికైనా రెండు రోజులే వీలైతే ఆ రెండూ తప్పనిసరిగా వినమంటాను. పాంచరాత్ర ఆగమం అనే వైష్ణవ శాస్త్రం శరణాగతికి ఆరు అంగాలు చెప్పింది. భగవంతుడికి ఇష్టమైనదే చేస్తానన్న సంకల్పం, ఇష్టం కానిది మానేయడం, ఆయన కాపాడతాడన్న విశ్వాసం, నువ్వే రక్షకుడివని కోరుకోవడం, తనను తాను అప్పగించుకోవడం, నా వల్ల కాదన్న దీనత్వం. ఈ ఆరింటిలో ఏనుగు దగ్గర ఏవేవి ఎక్కడెక్కడ కనిపిస్తాయో పద్యాల్లోంచే చూపించారు. బలం కొంచెమైనా లేదు అనడం దీనత్వం. ‘నీవే తప్ప నితఃపరం బెరుగ’ అనడం అప్పగింత. ‘రావే, కావవే’ అనడం రక్షకుడిగా కోరుకోవడం.

మూడో రోజు చివర్లో లేచి నిలబడి అడిగాను. “గురువుగారూ, అంతా ఆయన మీద వదిలేస్తే షాపు ఎవరు చూస్తారు?”

ఆయన విసుక్కోలేదు. “షాపు మానెయ్యమని ఎవరన్నారు నాయనా? ఏనుగు చేతనైనంతా పోరాడింది. పోరాడినందుకు స్వామి దాన్ని ఒక్క మాటా అనలేదు. పని నీదే. ఇదంతా నా బలం మీదే నిలబడి ఉంది అనుకుంటున్నావు చూడు, ఆ మోత ఒక్కటి దించు” అన్నారు.

ఇంటికి నడిచి వస్తుంటే మా ఆవిడ అంది, “మూడు రోజుల నుంచీ చూస్తున్నాను, వింటున్నంతసేపూ జేబు తడుముకుంటూనే ఉన్నారు” అని. జేబులో గల్లాపెట్టె తాళంచెవి ఉంది. ఇత్తడి రింగు, మా నాన్న కాలం నాటిది. జేబు గుడ్డ ఆ రింగు ఆకారంలో నలిగి పలచబడింది. మా దగ్గర ఆరేళ్లుగా ఒక ఫార్మసిస్టు పనిచేస్తున్నాడు, ఒక్క రూపాయి తేడా రానివ్వని మనిషి. అయినా ఆ చెవి ఎప్పుడూ అతనికి ఇవ్వలేదు. వచ్చిన డబ్బంతా కౌంటర్ మీద డబ్బాలో వేసి, నేను తిరిగి వచ్చేదాకా కూర్చునేవాడు. నాలుగో రోజు వెళ్తూ చెవి అతని చేతిలో పెట్టాను. “నాకెందుకు సార్?” అన్నాడు. ముఖంలో భయం కనిపించింది. ఏదో జరిగిందనుకున్నాడు పాపం.

ఆ రాత్రి రెండొందలు తక్కువ వచ్చాయి. చిల్లర ఇవ్వడంలో ఎక్కడో పొరపాటు. రెండుసార్లు లెక్కపెట్టాను, నిద్ర పట్టేదాకా అదే టెన్షన్. మర్నాడు చెవి మళ్లీ తీసుకుందామనే అనుకున్నాను. ఐదో రోజు విన్న పద్యం లేకపోతే తీసుకునేవాణ్ణేమో.

అంత గట్టిగా శరణన్నాక కూడా ఏనుగుకు మళ్లీ అనుమానం వస్తుంది. జీవుల మాటలు వింటాడట, వెళ్లరాని చోటికైనా వెళతాడట, శరణన్నవాళ్లకు ఓయని పలుకుతాడట, కానీ ‘సందేహమయ్యె కరుణావార్ధీ’ అంటుంది. ఈ పద్యం ‘లావొక్కింతయు’ తర్వాత వస్తుందని నేనెప్పుడూ గమనించలేదు. విశ్వాసం కుదిరాక సందేహం పోతుందనీ, సందేహం ఉంటే శరణాగతి కాదనీ అనుకునేవాణ్ణి. గురువుగారు ఆ పద్యంలో సంబోధన చూడమన్నారు. ఉన్నాడో లేడో తెలియడం లేదన్న మాట కూడా ఆయనకే చెప్పుకుంటోంది, కరుణాసముద్రమా అని పిలుస్తూ. సందేహం వచ్చినప్పుడు ఎటు తిరిగి చెప్పుకుంటామన్నదే చూసుకోమన్నారు. మండపంలో చాలామంది కళ్లు తుడుచుకున్నారు. తాళంచెవి ఫార్మసిస్టు దగ్గరే ఉంచాను.

లోపాలు కూడా చెప్పాలి. ఆరో రోజు సన్మానాలతో, విరాళాలు ఇచ్చినవాళ్ల పేర్లతో గంట పోయింది. ఆ గంట పోవడం వల్ల అసలు వినాల్సిన శాస్త్రచర్చ అరగంటలో ముగించేశారు. శంకరుల దారిలో జ్ఞానం కలిగితే మాయ తొలగిపోతుంది. రామానుజుల దారిలో మాయ అంటే భగవంతుడి ప్రకృతే, అది నిజమే, దాన్ని నాది అనుకోవడమే భ్రమ. ఇంతవరకు చెప్పి ముందుకు వెళ్లిపోయారు. కోతిపిల్ల తల్లిని తనే గట్టిగా పట్టుకుంటుంది, పిల్లిపిల్లను తల్లే నోట కరుచుకుని తీసుకెళుతుంది, శరణాగతిలో మన ప్రయత్నం ఎంత ఉండాలని వైష్ణవంలో వడగలై, తెంగలై అనే రెండు శాఖల వారు ఈ రెండు పోలికలతో చేసిన వాదం ఇంకా వినాలనిపించింది. దానికి ఒక పూర్తి రోజు ఇవ్వాలి, నిర్వాహకులకు కాగితం మీద రాసి ఇచ్చాను. ఏడో రోజు శాపాల కథలు, ఏనుగు ఇంద్రద్యుమ్నుడనే రాజు, మొసలి హూహూ అనే గంధర్వుడు. పిల్లల్ని తీసుకెళ్లడానికి ఆ రోజు మంచిది.

ఇంకొక మాట. ఇంట్లో ఈ మధ్యే ఎవరైనా పోయినవాళ్లు ఉంటే ఒంటరిగా రావద్దు, ఎవరినైనా తోడు తెచ్చుకోండి. నాలుగో రోజు నా పక్కన కూర్చున్న పెద్దాయన పద్యం మధ్యలో వెక్కివెక్కి ఏడ్చారు. నీళ్లసీసా ఇచ్చి భుజం మీద చెయ్యి వేయడం తప్ప నేనేమీ చేయలేకపోయాను. నాకు మా ఆవిడ ఉంది కాబట్టి సరిపోయింది.

ధనుర్మాసంలో మళ్లీ పెట్టే ఆలోచన ఉందట, ఈసారి విభీషణ శరణాగతి. నేను వెళ్తాను. మా ఫార్మసిస్టు తనూ ఒకట్రెండు రోజులు వింటానన్నాడు. అతను వెళ్లిన రోజుల్లో కౌంటర్‌లో నేనుంటాను. అమ్మ చదివిన పుస్తకం అట్ట ఊడిపోతే కుట్టించాను. ఇప్పుడు పొద్దున దీపం పెట్టాక ఆ పద్యం నేను చదువుతున్నాను, చెప్పులు వేసుకోకముందే.