తీరం దాటే చోటు చూసి పడుకోకండి: ఐదేళ్ళ వాడకం తర్వాత నా సమీక్ష

డాబా మీద వాన కొలిచే రెయిన్ గేజ్ ఒకటి, ఫోన్లో రాడార్ బొమ్మ, మ్యాప్ మీద రంగులు పూసి చూపించే యాప్ ఒకటి, వాతావరణ శాఖ బులెటిన్, నదుల నీటిమట్టం చెప్పే ఇంకో యాప్. ఐదేళ్ళకి పైగా తుపాను వానల్ని నేను వెంబడిస్తున్నది ఈ సరంజామాతోనే. మొత్తం మీద నాకైన ఖర్చు గేజ్‌కి పెట్టిన మూడొందల యాభై రూపాయలు, ఒక బైకు ఇంజను. బైకు సంగతి తర్వాత చెప్తాను.

ఈ పిచ్చి 2020 అక్టోబరులో పట్టింది. అప్పుడు హైదరాబాద్‌లో ఉండేవాణ్ణి. 13వ తేదీ పొద్దున తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటిందని టీవీలో చెప్పారు, హమ్మయ్య ఒక పని అయిపోయింది అనుకుని కట్టేశాను. ఆ రాత్రికే నగరం చెరువైంది. కాకినాడ ఎక్కడ, హైదరాబాద్ ఎక్కడ, సూటిగా కొలిచినా నాలుగొందల కిలోమీటర్లు. మా సందులో పెట్టిన ఆటో ఒకటి నీళ్ళలో తేలుకుంటూ పోయి కరెంటు స్తంభానికి ఆనుకుని ఆగింది, దాన్ని బాల్కనీలోంచి అలా చూస్తూ నిలబడ్డాం తప్ప ఏం చేయలేకపోయాం. గుండం తీరం దాటాక దాని దారిలో మేమే ఉన్నామని ఎవరూ చెప్పలేదని చాలా రోజులు తిట్టుకున్నాను. తర్వాత తీరిగ్గా పాత బులెటిన్లు తీసి చదివితే చెప్పారు. నేనే చదవలేదు.

రెండోసారి పాఠం మా చెల్లెలికి జరిగింది. 2023 డిసెంబరు, మిచౌంగ్. తను చెన్నైలో, వేలచేరి వైపు ఉంటుంది. తుపాను నెల్లూరు, మచిలీపట్నం మధ్య తీరం దాటుతుందని చెప్తుంటే "అన్నయ్యా, అది మీ వైపే వస్తోంది, జాగ్రత్త" అని నాకే ఫోన్ చేసింది. అది 5వ తేదీ మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది నిజమే. కానీ దానికి ముందు రోజే, అంటే 4వ తేదీన, చెన్నైకి దగ్గర్లో సముద్రం మీద నత్తలా పాకుతూ, ఆ ఊరి మీద పడాల్సిందంతా కుమ్మరించేసింది. విమానాశ్రయం మూసేశారు. బాపట్ల నుంచి చెన్నైకి మూడొందల కిలోమీటర్ల పైమాటే. నన్ను జాగ్రత్తగా ఉండమన్న మనిషి మెట్ల మీద గ్యాస్ సిలిండర్ పెట్టుకుని వంట చేసుకుంది. ఇక్కడ మా అమ్మావాళ్ళ ఊళ్ళో కోసి పనల మీదున్న వరి తడిసింది, అది వేరే ఏడుపు.

అప్పట్నుంచి బులెటిన్ ఏది వచ్చినా నేను ముందు వెతికే వాక్యం ఒకటే: "గత 6 గంటల్లో గంటకు ఇన్ని కిలోమీటర్ల వేగంతో ఫలానా దిక్కుగా కదిలింది". గాలి ఎంత, మూడో నంబరు జెండానా ఐదో నంబరా అన్నవి తర్వాత. ఎందుకంటే లెక్క చాలా చిన్నది. రెండొందల కిలోమీటర్ల వెడల్పున వాన పట్టిన మేఘం గంటకి ఇరవై కిలోమీటర్ల చొప్పున వెళ్ళిపోతే మన నెత్తి మీద పది గంటలు ఉంటుంది. అదే మేఘం ఎనిమిది కిలోమీటర్ల చొప్పున నడిస్తే ఇరవై ఐదు గంటలు. గాలి ఒకటే, పేరు ఒకటే, వాన మాత్రం రెండున్నర రెట్లు. వేగం పది కంటే కిందికి దిగిందంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. "దాదాపు నిలకడగా ఉంది" అని రాశారంటే మా ఆవిడ అడక్కుండానే బియ్యం డబ్బా అటక మీదికి ఎక్కిస్తుంది.

మన పెద్దవాళ్ళకి తుపాను అంటే గాలి, ఉప్పెన. 1977 దివిసీమ చూసినవాళ్ళు, విన్నవాళ్ళు అలా అనుకోవడంలో తప్పు లేదు. దానివల్ల మనందరికీ ఒక అలవాటు అయింది, తుపాను అంటే భయపడతాం, వాయుగుండం అంటే "ఓస్, వానేగా" అంటాం. ఆ తేడా పెట్టింది గాలి వేగాన్ని బట్టి. గంటకి 62 కిలోమీటర్లు దాటితేనే తుపాను అని పేరొస్తుంది, అంతకు లోపు వాయుగుండమో తీవ్ర వాయుగుండమో. వాన ఎంత పడుతుందన్నది ఆ పేరులో ఎక్కడా లేదు.

సరే, రాడార్. ఈ మొత్తం సరంజామాలో ఒక్కటే ఉంచుకోమంటే ఇదే ఉంచుకుంటాను. మచిలీపట్నం రాడార్ బొమ్మ వాతావరణ శాఖ సైట్లో ఉచితంగా దొరుకుతుంది, మొదట్లో చూస్తే ఎవరో పిల్లాడు క్రేయాన్లతో పిచ్చిగీతలు గీసినట్టుంటుంది. ఒక్క బొమ్మ చూసి లాభం లేదు. పది నిమిషాలకొకటి చొప్పున గంట సేపటివి వరసగా చూడాలి. అప్పుడు రెండు సంగతులు కనిపిస్తాయి. ఎర్రటి ముద్దలు, అంటే గట్టి వాన పడే చోట్లు, ఎటు జరుగుతున్నాయి అన్నది ఒకటి. అసలైంది రెండోది, ఒక ముద్ద వెళ్ళిన దారిలోనే దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి, క్వారీ నుంచి లారీలు వరస కట్టినట్టు వస్తున్నాయా అని. అలా వస్తుంటే, బయట వాన కాసేపు తెరిపిచ్చినా నమ్మొద్దు.

రాడార్‌తో నేను పడ్డ బోల్తా ఒకటుంది. ఒక రాత్రి బొమ్మ చూస్తే మా పక్కంతా ఖాళీగా ఉంది, నిశ్చింతగా పడుకున్నాను. అది నాలుగ్గంటల కిందటి బొమ్మ. పేజీ అక్కడే ఇరుక్కుపోయింది, మూలనున్న టైం నేను చూడలేదు. చూసినా ఒక్కోచోట అది గ్రీన్‌విచ్ లెక్కలో ఉంటుంది, దానికి ఐదున్నర గంటలు కలుపుకోవాలి. ఇంకో మాట, రాడార్ కిరణం దూరం వెళ్ళేకొద్దీ నేలకి ఎత్తుగా పోతుంది, కాబట్టి దూరాన కింది మేఘాల్లో పడే వానని తక్కువ చేసి చూపిస్తుంది. దగ్గర్లో ఇంకో రాడార్ ఉంటే అది కూడా చూడండి.

రంగుల మ్యాప్ యాప్ గురించి చెప్తే కొందరికి కోపం వస్తుంది. అందంగా ఉంటుంది, ఒప్పుకుంటా. గాలి గీతలు సుళ్ళు తిరుగుతుంటే మా వాడు అన్నం తినడం మానేసి చూస్తాడు. ఐదు రోజుల ముందు "ఏదో తయారవుతోంది" అని తెలుసుకోవడానికి దాన్ని మించింది లేదు. కానీ "మీ ఊళ్ళో శనివారం 87 మిల్లీమీటర్లు" అని వేలు పెట్టి చూపించే అంకె ఉంది చూడండి, దాన్ని మాత్రం నమ్మకండి. ఆ లెక్కలు కట్టే కంప్యూటర్ మోడళ్ళు నేలని గళ్ళుగా విడగొట్టి గడికో అంకె ఇస్తాయి, యూరోపియన్ మోడల్ గళ్ళు తొమ్మిది కిలోమీటర్లవి, అమెరికా వాళ్ళవి పదమూడు. ఒక గడిలో విజయవాడ సింగ్ నగర్, వన్ టౌన్, ఇంద్రకీలాద్రి అన్నీ సర్దేస్తారు. నెమ్మదిగా నడిచే గుండం యాభై కిలోమీటర్లు అటు జరిగితే ఆ 87 కాస్తా 20 అవుతుంది, లేదా 250 అవుతుంది. రెండు మోడళ్ళూ పక్కపక్కన పెట్టి చూస్తాను, రెండూ ఒకే మాట చెప్తే సీరియస్‌గా తీసుకుంటాను, కొట్టుకుంటుంటే బులెటిన్ వచ్చేదాకా ఆగుతాను. అంతవరకే దాని విలువ.

గేజ్ నాకు ముద్దుబిడ్డ. ప్లాస్టిక్ గొట్టం, మీద గీతలు, ఒక మేకు. మొదటి మూడు నెలలూ పొద్దున్నే ఆరింటికి పారబోసి రాసుకునేవాణ్ణి, పేపర్లో వచ్చే లెక్కతో ఎప్పుడూ కలిసేది కాదు. తర్వాత తెలిసింది, వాతావరణ శాఖ రోజు పొద్దున ఎనిమిదిన్నరకి మొదలై మర్నాడు ఎనిమిదిన్నరకి ముగుస్తుంది. పిట్టగోడకి ఆనించి బిగించడం రెండో తప్పు, ఏటవాలు జల్లు సగం గోడకే పోయేది. గోడ ఎత్తుకి కనీసం రెండింతల దూరంలో, ఖాళీ చోట ఒక కర్రకి కట్టాక బాగా కుదిరింది. వారానికోసారి ఆకులు, చీమలు దులపాలి. ఒకసారి బల్లి పడి చచ్చింది, ఆ రోజు లెక్క రాయలేదు.

గేజ్ ఎందుకయ్యా, కిటికీలోంచి కనపడదా అంటారు. కనపడదు. వాన జోరు చెవికి ఒకేలా వినిపిస్తుంది. అంకె చూస్తేనే తెలుస్తుంది. ఒక మిల్లీమీటరు అంటే చదరపు మీటరుకి ఒక లీటరు. మా డాబా సుమారు వంద చదరపు మీటర్లు, వంద మిల్లీమీటర్లు పడితే పదివేల లీటర్లు, అంటే రెండు ట్యాంకర్ల నీళ్ళు మా ఒక్క ఇంటి నెత్తి నుంచే సందులోకి దిగుతాయి. ఒక్క రోజులో 115 మిల్లీమీటర్లు దాటితే "అతి భారీ", 204 దాటితే "అత్యంత భారీ" అంటారు. నా గేజ్‌లో లోపం ఏంటంటే దాని గీతలు 150 దగ్గర ఆగిపోతాయి.

2024 ఆగస్టు 31, శనివారం. అప్పటికి విజయవాడ వచ్చేసి సింగ్ నగర్ వైపు మొదటి అంతస్తులో అద్దెకి ఉంటున్నాం. పొద్దుట్నుంచి కుండపోత. మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడ్డాయని వార్త. సాయంత్రం గొడుగేసుకుని డాబా ఎక్కి టార్చి వేసి చూస్తే గొట్టం నిండి అంచు మీంచి పొర్లుతోంది. ఎంత పడిందో ఇక తెలిసే దారి లేదు, 150 కంటే ఎక్కువ, అంతే. పారబోసి మళ్ళీ పెట్టి కిందికొచ్చి ఫోన్ చూశాను. వాయుగుండం ఇంకా సముద్రం మీదే ఉంది. అర్ధరాత్రి దాటాక కళింగపట్నం దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లా అది, మాకు నాలుగొందల కిలోమీటర్లు! వర్షాకాలపు వాయుగుండాలకి కుండపోత ఎక్కువగా నైరుతి పక్కనే ఉంటుందని చదివాను, మేం సరిగ్గా ఆ పక్కనే ఉన్నాం. అన్నీ చదివినవాణ్ణే, అయినా రాడార్ మీద మా ఊరు కాస్త తేటపడేసరికి గెలిచామనుకుని పడుకున్నాను. బైకు కిందే ఉంది.

ఆదివారం పొద్దున వాన దాదాపు లేదు. నీళ్ళు వచ్చాయి. మా ఊరి మీదుగా పోయే బుడమేరు వాగుకి గండ్లు పడ్డాయి. మైలవరం వైపు కొండల మీద పడిన వాన వెలగలేరు మీదుగా మా మీదికి వచ్చేసరికి ఆకాశంలో చూడ్డానికి ఏమీ మిగల్లేదు. మొదట మెట్టు, తర్వాత బైకు టైరు, తర్వాత సీటు, మధ్యాహ్నానికి హ్యాండిల్ కూడా కనపడలేదు. రెండో తేదీన ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, 2009 నాటి రికార్డు కూడా పోయింది. అక్కడ మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షలకి, రెండోది 5.69 లక్షలకి ఇస్తారంటే ఇక ఊహించుకోండి. పై నుంచి సాగర్, పులిచింతల నీళ్ళు, వాటికి తోడు మున్నేరు. మున్నేరు కృష్ణలో పులిచింతల డ్యామ్‌కి కింద కలుస్తుంది కాబట్టి దాన్ని మధ్యలో ఆపే డ్యామ్ లేదు. కృష్ణే అంత నిండుగా ఉంటే అందులో కలవాల్సిన బుడమేరు మళ్ళింపు కాలవ నీళ్ళు ఎక్కడికి పోతాయి?

నదుల నీటిమట్టం చూసే యాప్ పెట్టుకుంది అప్పుడే. కృష్ణ, గోదావరి లాంటి పెద్ద నదుల మీద బాగా పనికొస్తుంది, మట్టం పెరుగుతోందా, తగ్గుతోందా, ప్రమాద స్థాయికి ఎంత దూరం అన్నవి గీతగా చూపిస్తుంది. మా ఇంట్లోకి వచ్చిన వాగు మాత్రం నా యాప్‌లో లేదు. దానికి నేను వెతుక్కున్న మార్గం మా బావ. మైలవరం దగ్గర ఉంటాడు, ఇప్పుడు నా రెండో గేజ్ ఆయన పెరట్లో ఉంది. వాన పట్టిందంటే మూడు గంటలకోసారి ఫోన్. "బావా, నూట పది అయింది, వాగు రోడ్డెక్కింది" అంటాడు, అంతే, నేను బైకు తీసుకెళ్ళి ఫ్లైఓవర్ మీద పెట్టేసి వస్తా. ఇంతవరకు రెండుసార్లు ఊరికే పెట్టొచ్చాను, మా ఇంటి ఓనరు నవ్వుతాడు, నవ్వనీండి, ఆయన కారు కూడా ఆ రోజు మునిగింది.

2025లో మొంథా అప్పుడు కూడా అదే వరస. నరసాపురం దగ్గర తీరం దాటితే మర్నాడు మునిగింది హన్మకొండ, వరంగల్. ఈసారి మాత్రం వరంగల్లో ఉన్న ఫ్రెండ్‌కి ముందు రాత్రే చెప్పాను, సగమే విన్నాడు, కారు తీశాడు గానీ కింది గదిలో పుస్తకాలు తీయలేదు.

కొనాలనుకునేవాళ్ళకి: గేజ్ 150 గీతలది తీసుకోకండి, కనీసం 250 ఉండేది చూడండి. నాది ఎండకి గీతలు చెరిగిపోయి ఇప్పుడు స్కెచ్ పెన్‌తో దిద్దుకుంటున్నాను, ఆ మాత్రానికి ఐదుకి నాలుగు. రాడార్‌కి నాలుగున్నర, పేజీ అప్పుడప్పుడు ఇరుక్కుపోతుంది కాబట్టి. రంగుల యాప్‌కి మూడు. నదుల యాప్‌కి మూడున్నర, వాగులు కూడా కలిపిన రోజు పెంచుతా. మా బావకి ఐదు ఇచ్చేవాణ్ణి గానీ రాత్రి పదకొండు దాటితే ఫోన్ ఎత్తడు.