లంగరు మీద నవల, రేవులో ప్రచురణ: కోర్టెజ్ సముద్రంలో రచయితకు ఏది మేలు?

తెరచాప పడవలో కాపురం పెట్టి, నవలలు రాసి, వాటిని తామే ప్రచురించుకోవాలనుకునేవారు మెక్సికో పశ్చిమ తీరాన్ని ఎంచుకోవడానికి తగిన కారణాలున్నాయి. విదేశీ పడవకు అక్కడ ఇచ్చే తాత్కాలిక దిగుమతి అనుమతి 10 సంవత్సరాలు చెల్లుతుంది. శీతాకాలంలో వాన దాదాపు ఉండదు. అమెరికా నుంచి వచ్చేవారు శాన్ డియాగో దాటి దక్షిణానికి దిగితే చాలు. చిక్కంతా అక్కడికి చేరిన తరువాతే మొదలవుతుంది: జనం లేని ద్వీపాల చాటున లంగరు వేసుకుని ఉండాలా, బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పం మీది లా పాజ్ పట్టణం ఎదుట లంగరు వేయాలా, నెల అద్దె చెల్లించి మెరీనాలో, అంటే సొంత పడవలు నిలుపుకునే రేవులో, పడవను కట్టుకోవాలా? నేనూ నా భార్యా 36 అడుగుల పడవలో ఐదు శీతాకాలాలు ఈ మూడు విధాలుగానూ గడిపాం. ఆ కాలంలోనే నా ఆంగ్ల నవలలు మూడు వెలువడ్డాయి. నా అభిప్రాయం ముందే చెబుతున్నాను: రాయడానికి ద్వీపం మేలు, ప్రచురించడానికి మెరీనా మేలు, పట్టణం ఎదుటి లంగరు రెండు పనులకూ అంతంతమాత్రమే. రెండు పనులనూ ఒకే చోట చేయాలని పట్టుబట్టినప్పుడే మేము ఎక్కువగా నష్టపోయాం.

ముందు ద్వీపాల సంగతి. బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పానికీ మెక్సికో ప్రధాన భూభాగానికీ నడుమ సుమారు 1,100 కిలోమీటర్ల పొడవున సాగే సముద్రపు పాయే కోర్టెజ్ సముద్రం; దానిలోని దీవులనూ రక్షిత ప్రాంతాలనూ యునెస్కో 2005లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. లా పాజ్‌కు ఉత్తరాన ఉన్న ఎస్పిరితు శాంతో ద్వీపం మాకు అందులోకెల్లా దగ్గరిది. ఎర్రటి రాతి కొండలు రెండు చేతులు చాచినట్టుండే దాని పడమటి అఖాతాలలో, ఇసుక నేల మీద ఐదారు మీటర్ల లోతున లంగరు పడితే, మరునాటి ఉదయం నీటి అడుగున గొలుసు పరుచుకున్న తీరు కూడా కంటికి కనిపిస్తుంది. అక్కడ ఫోను పనిచేయదు, అంగడి లేదు, పలకరించేవారు అరుదు. తెల్లవారుజామున ఐదున్నరకు పొయ్యి మీద కాఫీ పెట్టుకుని రాతకు కూర్చుంటే, పదకొండు గంటల దాకా మనిషి గొంతు వినిపించని రోజులు ఎన్నో గడిపాను. నా మూడు నవలల తొలిప్రతులూ అధిక భాగం ఆ గంటలలోనే పూర్తయ్యాయి.

ఈ ఏకాంతానికి గాలి పెట్టే షరతులు ఉన్నాయి. నవంబరు నుంచి మార్చి వరకు ఉత్తరపు గాలి ఒక్కొక్కసారి మూడు నాలుగు రోజులు ఆగకుండా 20 నుంచి 30 నాట్ల (గంటకు సుమారు 37 నుంచి 55 కిలోమీటర్ల) వేగంతో వీస్తుంది. పొడవైన ఇరుకు సముద్రం కావడంతో అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి లేస్తాయి. అప్పుడు పడవ కదలకూడదు. తగిన అఖాతంలో ముందుగానే చేరి ఉంటే మాత్రం రచయితకు అంతకంటే మంచి రోజులు దొరకవు, ఎందుకంటే డింగీ (ఒడ్డుకు వెళ్లే చిన్న పడవ) దించడానికీ ఈతకు వెళ్లడానికీ వీలుండదు, మిగిలేది రాతబల్ల ఒక్కటే. ఒక ఉత్తరపు గాలి నాలుగో రోజున, మా పక్కనే తలదాచుకున్న ఒక జాలరి తన పంగాలో వచ్చి, రెండు చేపలు ఇచ్చి కాఫీ పొడి అడిగాడు. పంగా అంటే మన విశాఖ, కాకినాడ తీరాల ఫైబర్ బోటును పోలిన మోటారు పడవ. అరచేతిలో పొడి వాసన చూసుకుంటూ, ఈ గాలి రేపు మధ్యాహ్నానికి చచ్చిపోతుందని ఆయన చెప్పిన మాట అలాగే జరిగింది. రెండో నవలలో పదకొండో అధ్యాయం ఆ సంభాషణతోనే మొదలవుతుంది.

వసంతం ముదిరాక వ్యవహారం తిరగబడుతుంది. లా పాజ్ పరిసరాలకే ప్రత్యేకమైన కొరొముయెల్ అనే గాలి పొద్దుగుంకిన తరువాత పసిఫిక్ వైపు నుంచి పల్లపు నేల మీదుగా వచ్చి తెల్లవారే దాకా వీస్తుంది. పడమటికి తెరుచుకున్న అఖాతాలలో పడవ రాత్రంతా ఊగుతుంది, లంగరు జారుతుందేమోనన్న కలతతో నిద్ర పట్టదు, నిద్రలేని ఉదయం రాసిన పేజీలు చాలావరకు కొట్టివేయవలసి వస్తుంది. అందువల్ల ద్వీపాల పక్షాన నేను చెప్పిన మాటలన్నీ నవంబరు నుంచి ఏప్రిల్ వరకే వర్తిస్తాయి.

విద్యుత్తు లెక్క కూడా వేసుకోవాలి. మా పడవ మీది 400 వాట్ల సౌర పలకలు నిర్మలమైన శీతాకాలపు రోజున సుమారు 1,600 వాట్ అవర్లు ఇస్తాయి. అందులో ఫ్రిజ్‌కు 600, దీపాలు, నీటి పంపు, రేడియోలకు మరో 200 పోతాయి. 50 వాట్ల ల్యాప్‌టాప్ మీద ఐదు గంటలు రాస్తే 250 చాలు. రాత పనికి పడవ సునాయాసంగా సరిపోతుందని దీన్నిబట్టే తెలుస్తుంది. అదే ఉపగ్రహ ఇంటర్నెట్ పళ్లెం 50 వాట్ల చొప్పున రాత్రింబవళ్లు పనిచేస్తే 1,200 వాట్ అవర్లు కావాలి, అంటే పలకలు ఇచ్చేదానిలో ముప్పాతిక భాగం దానికే పోతుంది. స్టార్‌లింక్ అనే ఈ ఉపగ్రహ ఇంటర్నెట్ సేవ వచ్చాక ద్వీపానికీ మెరీనాకూ తేడా చెరిగిపోయిందనేవారితో నేను ఏకీభవించలేను. రోజుకు ఒక గంట దాన్ని వెలిగించి ఉత్తరాలు చూసుకోవడం వేరు, పుస్తకం విడుదల చేసే వారంలో ప్రకటనలూ ఫైళ్లూ పాఠకుల ఉత్తరాలూ రోజంతా చూడటం వేరు.

పట్టణం ఎదుటి లంగరు చూడటానికి మధ్యేమార్గంలా ఉంటుంది: అద్దె లేదు, ఫోను సంకేతం బాగుంటుంది, డింగీలో పది నిమిషాలకే కూరగాయల అంగడి. కానీ ఎల్ మొగోతె అనే ఇసుక తిన్నెకూ పట్టణానికీ నడుమ ఉన్న ఆ కాలువలో పోటు నీటి ప్రవాహం ఒక వైపు, గాలి మరో వైపు లాగుతుంటే పడవలు తలా ఒక దిక్కుకు తిరుగుతాయి. జంటలు గుండ్రంగా తిరిగే పాశ్చాత్య నృత్యం పేరుతో అక్కడివారు దీన్ని లా పాజ్ వాల్ట్జ్ అంటారు. పక్క పడవ వెనుక భాగం మన ముక్కుకు రెండు మీటర్ల దూరంలోకి వచ్చినప్పుడు వాక్యం మధ్యలో వదిలి పైకి పరుగెత్తవలసిందే. దీనికి తోడు ఆదివారం తప్ప ప్రతి ఉదయం 8 గంటలకు వీహెచ్‌ఎఫ్ రేడియో 22వ ఛానెల్‌లో పడవలవారి సమావేశం జరుగుతుంది. వాతావరణం, పోయిన సామాను, మరమ్మతుల సలహాలు, ఎవరు వచ్చారు, ఎవరు వెళుతున్నారు అన్నవన్నీ అందులో తెలుస్తాయి. కొత్తగా వచ్చినవారికి అది ఎంతో మేలు చేస్తుంది, మాకూ చేసింది. కానీ నాకు ఉదయమే రాత సాగుతుంది. ఆ అరగంట విన్న తరువాత ఎవరికో ఒక మాట సాయం, ఇంకెవరితోనో కాఫీ అనుకుంటూ మధ్యాహ్నమయ్యేది. ఆ లంగరు మీద గడిపిన రెండు నెలలలో నేను రాసింది నలభై పేజీలు దాటలేదు.

మెరీనా విలువ నాకు తెలిసివచ్చింది మొదటి నవల విడుదలప్పుడు. అమెజాన్ వారి ఈ-పుస్తకాల వేదిక కిండిల్‌లో ముందస్తు ఆర్డర్లు పెట్టుకున్న పుస్తకానికి తుది ఫైలును విడుదలకు 72 గంటల ముందే ఎక్కించాలి, ఆ తరువాత మార్చడానికి వీలుండదు. ఉపగ్రహ ఇంటర్నెట్ ఇంకా మా పడవ ఎక్కని రోజులవి. చివరి దిద్దుబాట్లు ప్రశాంతంగా చేసుకుందామని ఎస్పిరితు శాంతోను ఆనుకుని ఉన్న కలేతా పార్తీదా అఖాతానికి వెళ్లాం, మరునాడే ఉత్తరపు గాలి లేచింది. నాలుగు రోజులు ఫోనులో ఒక్క గీత కూడా లేదు. ఐదో రోజు తెల్లవారుజామున గాలి కాస్త మందగించగానే లంగరు ఎత్తి, ద్వీపానికీ లా పాజ్ వైపు తీరానికీ నడుమ ఉన్న, ఇంకా కుదుటపడని శాన్ లొరెంజో జలసంధిని దాటుతూ, నా భార్య చుక్కాని పట్టుకుని ఉండగా నేను ఫోనును తల మీదికెత్తి సంకేతం కోసం చూస్తూ కూర్చున్నాను. గడువుకు మూడు గంటల ముందు ఫైలు వెళ్లింది. తొందరలో పాత ప్రతినే ఎక్కించానని మరో గంటకు గమనించి, మళ్లీ మొదటి నుంచి ఎక్కించాను. ఆ రోజు నుంచి విడుదలకు ముందు రెండు వారాలు, తరువాత రెండు వారాలు మెరీనాకే కేటాయిస్తున్నాం.

ముద్రిత ప్రతి విషయంలోనూ ఇదే నియమం. అచ్చు నమూనా చేతికి రాకుండా పుస్తకాన్ని అమ్మకానికి పెట్టకూడదు. అట్ట వెన్ను మీది పేరు రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగిందా లేదా అన్నది తెర మీద తెలియదు. నమూనా రావాలంటే చిరునామా కావాలి, దానిని అందుకుని సంతకం చేసేవారు కావాలి. మెరీనా కార్యాలయం ఈ పని చేసిపెడుతుంది. లంగరు మీద ఉన్న పడవకు ఇంటి నంబరు ఉండదు కదా. మెరీనా ఇబ్బందులు కూడా తక్కువేమీ కావు: పక్క పడవలో ఇసుక కాగితంతో చెక్క రుద్దే యంత్రం, సాయంత్రపు విందులు, గాలి ఆడని గది. తొలిప్రతి రాయడానికి నేను అక్కడ ఎన్నడూ ప్రయత్నించను. దిద్దడానికి మాత్రం ఆ సందడి అడ్డు రాలేదు.

ఇక డబ్బు. మెరీనా అద్దెను పడవ పొడవును బట్టి నెలనెలా కట్టాలి. పుస్తకం మీద వచ్చే రాయల్టీ అలా నెలనెలా సమంగా రాదు, పైగా కిండిల్‌లో అది అమ్మకం జరిగిన నెల ముగిసిన సుమారు 60 రోజులకు అందుతుంది, అంటే డిసెంబరు అమ్మకాల సొమ్ము ఫిబ్రవరి చివరికి. ద్వీపాల మధ్య ఉన్న నెలలలో ఖర్చు తిండికీ కాస్త డీజిలుకే పరిమితం కాబట్టి ఆలస్యంగా, హెచ్చుతగ్గులతో వచ్చే ఆదాయంతో ఆ జీవితం సరిగ్గా కుదురుతుంది. ఏడాది పొడవునా మెరీనాలో ఉండగలిగేవారు పింఛను ఉన్నవారో, పుస్తకాలు బాగా అమ్ముడయ్యేవారో అయివుండాలి.

కిండిల్ సెలెక్ట్ అనే పథకంలో చేరాలా, అన్ని దుకాణాలలో అమ్మాలా అన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. సెలెక్ట్‌లో చేరితే ఆ ఈ-పుస్తకాన్ని 90 రోజుల పాటు మరెక్కడా అమ్మకూడదు. బదులుగా కిండిల్ అన్‌లిమిటెడ్ అనే చదువరుల పథకపు చందాదారులు చదివిన పేజీలకు సొమ్ము వస్తుంది. 2.99 నుంచి 9.99 డాలర్ల మధ్య ధర పెట్టిన పుస్తకానికి 70 శాతం రాయల్టీ రెండు విధాలా దొరుకుతుంది గానీ, భారత్, మెక్సికో దుకాణాలలో ఆ 70 శాతం సెలెక్ట్‌లో ఉన్నవారికే. డ్రాఫ్ట్2డిజిటల్ వంటి పంపిణీదారు ద్వారా వెళితే ఒకే ఫైలు ఎన్నో దుకాణాలకు చేరుతుంది, వారు పుస్తకం ధరలో 10 శాతం తీసుకుంటారు. ఇంటర్నెట్ కొద్దిగా దొరికే మనిషికి ఒకే ఖాతా, ఒకే ఫైలు ఉండటం పెద్ద సౌకర్యం కనుక మొదటి నవలకు సెలెక్ట్‌నే సూచిస్తాను. 90 రోజుల గడువు ఒక శీతాకాలంలో సరిగ్గా ఇముడుతుంది కూడా. మూడో నవల నాటికి నేను బయటికి వచ్చాను, ఎందుకంటే తిండిగింజలన్నీ ఒకే దుకాణం మీద ఆధారపడి ఉండగా ఆ ఖాతాకు ఏదైనా చిక్కు వస్తే ద్వీపం నుంచి దానిని పరిష్కరించుకోలేను. భారత పౌరులు పన్ను ఫారం నింపేటప్పుడు భారత్–అమెరికా పన్ను ఒప్పందం వివరాలు ఇవ్వడం మరువకూడదు, ఇస్తే అమెరికాలో రాయల్టీ మీద 30కి బదులు 15 శాతమే పట్టుకుంటారు. తెలుగులో రాసేవారికి ఈ దారి ఇంకా ఇరుకుగానే ఉంది. కిండిల్ తన స్వయంప్రచురణ వేదికలో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళాలకు చోటిచ్చి తెలుగును వదిలివేయడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

లా పాజ్‌ను వదిలి, ప్రధాన భూభాగం మీద ప్యుయెర్తో వల్యార్తా నగరం ఉన్న బందెరాస్ అఖాతానికి వెళ్లడం మరో మార్గం. అక్కడ ఉత్తరపు గాలుల తాకిడి తక్కువ, చలి లేదు, డిసెంబరు నుంచి మార్చి దాకా తిమింగలాలు కనిపిస్తాయి, లా క్రూజ్ గ్రామంలో లంగరుకూ మెరీనాకూ మధ్య దూరం డింగీలో కొద్ది నిమిషాలే. ఒక్క శీతాకాలం మాత్రమే గడిపి, చేతిలో ఉన్న పూర్తి ప్రతిని ప్రచురించుకుని వెళ్లేవారికి అదే మేలు. కొత్త నవల మొదలుపెట్టేవారికి ఆ జనసమ్మర్దం సరిపడదు.

ఈ పోలికలన్నిటికీ పైన ఋతువు ఉంటుంది. తూర్పు పసిఫిక్‌లో తుపానుల కాలం మే 15 నుంచి నవంబరు 30 వరకు. 2014 సెప్టెంబరులో వచ్చిన ఒడీల్ తుపాను లా పాజ్‌లో లంగరు మీద ఉన్న ఎన్నో పడవలను ఒడ్డుకు కొట్టింది, ప్రాణాలూ తీసింది. ఆ నెలలలో కొందరు ఉత్తరాన బహియా దె లోస్ ఆంహెలెస్ వైపు వెళతారు, కొందరు ఎదుటి తీరంలోని గ్వాయ్‌మస్, శాన్ కార్లోస్‌లలో పడవను నేల మీదికి ఎక్కించి ఇంటికి వెళతారు. పర్యాటకులుగా వచ్చినవారికి ఒకసారికి గరిష్ఠంగా 180 రోజుల అనుమతే దొరుకుతుంది గనుక రెండో మార్గమే వారికి సహజంగా కుదురుతుంది. మేమూ అదే చేస్తాం. క్యాబిన్‌లో 38 డిగ్రీల వేడిలో కూర్చుని రాయడం ఒక వేసవిలో ప్రయత్నించి మానుకున్నాం.

ఈ ఏడాదికి మా ఏర్పాటు ఇలా ఉంది. నవంబరులో శాన్ కార్లోస్‌లో పడవను నీటిలోకి దించి, అడుగు రంగూ తాళ్లూ చూసుకుని, డిసెంబరు మొదటికి ఎస్పిరితు శాంతో చేరుకుంటాం. ఫిబ్రవరి చివరి దాకా నాలుగో నవల తొలిప్రతి. మార్చి 1 నుంచి ఏప్రిల్ 15 దాకా మెరీనాలో చోటుకు అడ్వాన్సు ఇప్పటికే కట్టాం, విడుదల తేదీని ఏప్రిల్ 2గా పెట్టుకున్నాం. అది మూడో నవల ముద్రిత ప్రతికి. నాలుగోదానికి తేదీ, అది పూర్తయి ఫైలు నా చేతిలో ఉన్నాకే పెడతాను.